పాటల పేర్లు మాత్రమే మిగిలిన కార్డు

2010 ఎండాకాలం. గోదావరిఖని బస్టాండు దగ్గర నాకు చిన్న మొబైల్ దుకాణం ఉండేది. ఫోన్లు బాగుచేసేవాణ్ణి, మెమరీ కార్డులు అమ్మేవాణ్ణి. ఈ వ్యాపారంలో అనుమానం రెండువైపులా ఉంటుంది. ఎనిమిది జీబీ కార్డును కంప్యూటర్లో పెడితే ఏడున్నర కూడా చూపించదు. తయారుచేసినవాళ్లు వెయ్యి చొప్పున లెక్కిస్తే, కంప్యూటర్ వెయ్యీ ఇరవై నాలుగు చొప్పున లెక్కిస్తుంది. తేడా అంతే. అయినా "మిగిలింది ఎటుపోయింది?" అని నన్ను నిలదీసినవాళ్లున్నారు. వేరే కార్డు తెచ్చి, నేనే అమ్మానని దబాయించినవాళ్లూ ఉన్నారు.

అందుకే స్వరూప వచ్చినప్పుడు ముందు ఆమెనే అనుమానించాను.

"అన్నా, ఈ కార్డు నీ దగ్గరనే కొన్న. మా అమ్మ పాటలు ఎవరో ఖరాబ్ చేసిన్రు. ఎవరో నాకెరుకే. ఎప్పుడు చేసిన్రో జర చూసి చెప్పు."

వాళ్లమ్మ లచ్చవ్వ బతుకమ్మ పాటలకు కాలనీ మొత్తంలో పేరున్న మనిషి. గొంతులో కేన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేస్తే ఇక మాట రాదని డాక్టర్లు చెప్పారు. మిగిలిన రెండు వారాల్లో, ఆ బొంగురు గొంతుతోనే ముప్పై పాటలు పాడించి ఫోన్లో వీడియో తీసింది స్వరూప. మొదట్లో తీసినవి చూసుకుంది కానీ తర్వాత ఆ తీరిక లేకపోయింది. దవాఖాన నుంచి వచ్చి చూస్తే మొదటి తొమ్మిది తప్ప ఏదీ ఆడలేదు.

"అనుమానం ఎవరి మీద చెల్లె?"

"మా వదిన మీదనే. మేం దవాఖానల ఉన్నన్ని రోజులు ఫోన్ ఆమె దగ్గరనే ఉండె. అడిగితే ముట్టలేదంటది. లొల్లి చేసి తల్లిగారింటికి పోయింది."

అమ్మిన ప్రతి కార్డు వెనక మార్కర్‌తో చిన్న చుక్క పెట్టేవాణ్ణి. దీని మీద ఆ చుక్క ఉంది. ముందు తొమ్మిది పాటలూ కంప్యూటర్లోకి ఎక్కించాను. మిగతా ఇరవై ఒక్కటి చూస్తే పేర్లున్నాయి, సైజులున్నాయి, లోపల ఏమీ లేదు. ఎవరైనా చెరిపితే పేర్లు కూడా పోవాలి కదా! కార్డు ఉంచి వెళ్లమన్నాను.

అదే ప్యాకెట్లో అమ్మకుండా మిగిలిన కార్డు ఒకటి తీసి, నిండా నింపి తిరిగి చదివే ప్రోగ్రాం పెట్టాను. రెండు జీబీ దాకా అంతా సరిగ్గా ఉంది. ఆ తర్వాత సున్నా. లోపలున్నది రెండు జీబీ చిప్పు. ఎనిమిదని అబద్ధం చెప్పేలా దాన్ని మార్చారు. నిండిన తర్వాత వచ్చే ఫైళ్ల పేర్లు రాసుకుంటుంది, అసలు సరుకు మాత్రం ఎక్కడా దాచదు.

'ఏమీ తెలుస్తలేదు' అంటే సరిపోయేది. నేరం ఎలాగూ వదిన మీదే ఉంది. ఒక పూటంతా ఆ మాట నోట్లో పెట్టుకుని తిరిగాను. సాయంత్రం స్వరూపకు ఫోన్ చేశాను. "మీ వదినను పిలిపియ్యి. ఆమె ముంగటనే చెప్త."

ఆదివారం వాళ్ల క్వార్టర్‌కు వెళ్లాను. వదిన రమ లోపలికి రాకుండా గడపలోనే నిలబడింది. తప్పు నాదని, నేనే నకిలీ కార్డు అమ్మానని చెప్పాను.

స్వరూప నమ్మలేదు. "ఆమె గిట్ల చెప్పుమన్నదా అన్నా?"

అదే ప్యాకెట్లోని ఇంకో కార్డు ఆమె చేతికే ఇచ్చి, నేను తెచ్చిన ల్యాప్‌టాప్‌లోంచి పెద్ద సినిమాలు నాలుగు నింపమన్నాను. మొదటి రెండు ఆడాయి. మూడోది మధ్యలో ఆగిపోయింది. నాలుగోది తెరుచుకోనే లేదు. స్వరూప తల దించుకుంది.

"వదినా..."

"ఆ ముప్పై పాటలకు వంత పాడింది నేనే," అంది రమ. "నేనెందుకు చెరుపుత? ఒక్కసారన్న అనుకున్నవా స్వరూపా?"

గొంతుకు కట్టుతో మంచం మీద కూర్చున్న లచ్చవ్వ కోడలి వైపు చెయ్యి చాపింది. రమ వెళ్లి పక్కన కూర్చుంది. లచ్చవ్వ తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. కొంతసేపటికి రమ గొంతు విప్పింది. ఒక చరణం తప్పిపోతే లచ్చవ్వ తల అడ్డంగా ఊపింది. రమ మళ్లీ మొదటినుంచి అందుకుంది.

ఆ వేసవిలో రమ పదకొండు పాటలు గుర్తుచేసుకుని పాడింది. స్వరూప రికార్డు చేసింది. పది పాటలు మాత్రం తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఏ కార్డునూ నిండా నింపి చూడకుండా అమ్మలేదు. కవర్ మీది అంకెనూ, ఫోన్ చూపించే అంకెనూ నమ్మలేదు. ఆ ప్యాకెట్ హైదరాబాద్ నుంచి మిగతావాటికంటే సగం ధరకు వచ్చింది. ఆ హోల్‌సేల్ వ్యాపారి ఇంత చవకగా ఎలా ఇస్తున్నాడని, అది వచ్చిన రోజే నా మనసులో మెదిలింది. నా వ్యాపారమంతటిలో పనికొచ్చే అనుమానం అదొక్కటే. దాన్నే నేను పైకి అడగలేదు.