ఒడ్డున తీసిన అంకె

మా అక్క భర్త ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు డ్రైవరు. నేను ఉక్కు ఫ్యాక్టరీలో ఒక కాంట్రాక్టరు కింద యంత్రాల వణుకు కొలిచే పని చేస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. ఈ లెక్కలన్నీ పాత మాన్యువళ్లు ముందేసుకుని, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నవే. తిరిగే ప్రతి యంత్రమూ కొద్దో గొప్పో వణుకుతుంది. బేరింగు అరిగినా, షాఫ్టు వరస తప్పినా ఆ వణుకు పెరుగుతుంది. చేతిలో పట్టే మీటరు అయస్కాంతాన్ని బేరింగు మీద అంటిస్తే ఆ వణుకు వేగం సెకనుకు ఎన్ని మిల్లీమీటర్లో చూపిస్తుంది. ఒక్క అంకెతో ఏమీ తేలదు. నెలనెలా రాస్తూ పోతే యంత్రం ఆరోగ్యం ఎటు నడుస్తోందో తెలుస్తుంది.

నవంబరులో బావ, బోటు వెనక ఏదో తేడాగా ఉందన్నాడు. ఆదివారం మీటరు పట్టుకుని వెళ్లాను. చేపల వేలం అయిపోయింది. సరుకంతా దించేసి బోటును జెట్టీకి కట్టారు. ఇంజను వేయించి, నీళ్లలో పంకాను తిప్పే షాఫ్టు బేరింగు మీద మీటరు పెట్టాను. 3.1 చూపించింది.

"ఏటి బామ్మర్దీ, డాక్టర్లాగ గుండెకాయ మీద ఎట్టేవు? బతుకుతాదా?" అన్నాడు బావ.

"ఏటేటి తింటందో సెప్పు, అప్పుడు సెప్తాను."

"ఐసు, డీజిలు, మీయక్క తిట్లు."

వలలు సర్దుతున్న కళాసీలు పగలబడి నవ్వారు.

డిసెంబరులో 3.6, జనవరిలో 4.0, ఫిబ్రవరిలో 4.5. ఏడు దాటితే ఆపేయాలన్నది నేను పెట్టుకున్న గీత. షాఫ్టు విప్పాలంటే బోటును ఒడ్డుకెక్కించాలి. ఏప్రిల్ సగంలో సర్కారు పెట్టే చేపల వేట నిషేధం మొదలయ్యాక, అలాంటి పనులన్నీ ఆ రెండు నెలల్లోనే పెట్టుకోవడం మావాళ్ల అలవాటు. అంతవరకూ వేటకు వెళ్లే రోజులు వదులుకోరు.

"నిషేదం దాకా ఆగుతాదా, ఇప్పుడే ఎక్కించీమంటావా? నువ్వెలగంటే అలగే" అన్నాడు బావ.

గళ్ల కాగితం మీద నాలుగు చుక్కలూ పెట్టి, స్కేలుతో కలిపి, గీతను ముందుకు పొడిగించాను. ఏప్రిల్ సగానికి ఆరు కూడా రాదు.

"ఆగుతాది బావా. ఎల్లిరా" అన్నాను.

మార్చిలో, నిండు సరుకుతో తిరిగి వస్తుండగా షాఫ్టు విరిగింది. అది బయటికి పోయే కంతలోంచి నీళ్లు తోసుకొచ్చాయి. దగ్గర్లో ఉన్న బోటు ఐదుగురు కళాసీలనూ ఎక్కించుకుంది. ఆ కంతను గోనెలతో, వలముక్కలతో మూయడానికి కిందికి దిగిన బావ పైకి రాలేదు. మూడో రోజు భీమిలి దగ్గర ఒడ్డుకు చేరాడు. చొక్కా చూసి గుర్తుపట్టింది నేనే.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఫ్యాక్టరీలో మీటరు తీసిన ప్రతిసారీ ఆ గళ్ల కాగితం ముందేసుకునేవాణ్ణి. నాలుగు అంకెలనూ ఎన్నిసార్లు కూడినా, తీసినా నా గీత సరిగ్గానే ఉంది. తప్పెక్కడో దొరకలేదు.

తప్పు కాగితం మీద లేకపోతే సముద్రం మీదే ఉండాలనుకుని, నిషేధం ముగిశాక, బావ బోటు కట్టిన వడ్రంగే కట్టిన ఇంకో బోటు ఎక్కి సముద్రం మీదికి వెళ్లాను. ఇంజను కూడా అలాంటిదే. బయల్దేరే ముందు, ఐసు ఎక్కించకముందే, జెట్టీ దగ్గర కొలిస్తే 2.5. రెండో రోజు అడుగు గది ఐసుతో, చేపలతో నిండాక, కక్కుకుంటూనే కొలిచాను. 4.0. బరువుకు బోటు అడుగు కుంగుతుంది. దాంతో ఇంజనుకూ షాఫ్టుకూ ఉన్న వరస తప్పుతుంది. అంటే జెట్టీ దగ్గరి అంకెకు 1.6 రెట్లు. బావ బోటు ఫిబ్రవరి అంకెను 1.6తో హెచ్చవేశాను. 7.2. నేను ఎల్లిరా అన్న రోజుకే అది గీత దాటి ఉంది. నాలుగు నెలలూ నేను ఖాళీ బోటునే కొలిచాను.

ఆ కాగితం తీసుకుని అక్క ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. అంతా చెప్పాను. చెయ్యి ఆపకుండా విన్నది.

"ఆయనకి తెలుసురా" అంది.

"ఏటి తెలుసు?"

"బోటు బరువెక్కితే అరికాళ్లు జిల్లుమంటన్నాయే అనీవోడు. మరి తమ్ముడికి సెప్పరాదా అన్నాను. ఆడు మిషనెట్టి సూసేడు, నా కాళ్లకేటి తెలుసు అన్నాడు."

కాగితం మడతపెట్టాను. నాలుగు నెలల్లో బావను నేను ఎన్నో అడిగాను. సముద్రం మీద ఎలా ఉందని మాత్రం అడగలేదు.

అక్క చేపల గిన్నె పక్కకు జరిపి, కొంగుతో మొహం తుడుచుకుంది. వీధి అవతలి ఇంటివైపు గడ్డంతో చూపించింది.

"ఆళ్లింటి డ్రైవరు రేపు ఏటకెల్తన్నాడు. మిషను తరవాత ఎడుదువు గానీ, ముందెల్లి ఆడి కాళ్లకెలగున్నాదో అడుగు."

చెప్పులు వేసుకుని వీధి దాటాను.