దుబ్బు కట్టని నాటు

నా నెత్తి గురించి మా ఊరు మంఖాల్‌లో అందరూ మాట్లాడారు. టీ కొట్టు దగ్గర మాట్లాడారు, పాల కేంద్రం దగ్గర మాట్లాడారు, ఒకసారి చావు ఇంట్లో కూడా మాట్లాడారు. ఇక నా వంతు.

ముప్పై దాటకముందే నా నుదురు పైకి పాకడం మొదలైంది. ముప్పై అయిదు వచ్చేసరికి నడినెత్తి దాకా తేలిపోయింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో, సరుకుల విభాగంలో నా ఉద్యోగం. టోపీ పెట్టుకుని వెళ్లేవాణ్ణి. గేటు దగ్గర సెక్యూరిటీ జవాను పాసు మీది ఫొటో చూసి, నా ముఖం చూసి, టోపీ తీయమనేవాడు. డ్యూటీకి వచ్చిన వాళ్లంతా నా వెనక వరుసలో నిలబడి ఉండేవాళ్లు. దాచుకోవడానికి పెట్టుకున్నదాన్ని రోజూ అందరి ముందూ తీయడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదని తెలుసుకోవడానికి నాకు ఏడేళ్లు పట్టింది. అప్పుడు వెంట్రుకలు నాటించుకుందామని సిటీలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆమె నాకు ఒక్క ముక్క దాచలేదు. "వెనక ఉన్నవే తీసి ముందు పెడతామండీ. కొత్తవి పుట్టవు. పాత ఒత్తు రాదు, అందులో సగం వచ్చినా మంచి ఫలితమే. తల తడిసినా, లైటు కింద నిలబడినా చర్మం కనిపిస్తుంది. ఏడాది ఓపిక పట్టాలి" అంది. అన్నిటికీ తలూపాను, సంతకం పెట్టాను.

ఇంటికొస్తే బాపు అడిగాడు, డాక్టరు ఏమన్నదని.

"ఎనక నుంచి తీసి ముందర నాటుతరట బాపు" అన్నాను. అంతే చెప్పాను.

బోరు కింద ఉన్న కాస్త పొలంలో పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వరి వేస్తున్న మనిషి ఆయన. ముఖం వెలిగిపోయింది.

"అంటే నాట్లేసినట్టే గద! నారు మనం పల్చగనే పెడ్తం. నెల తిరిగే వరకు ఒక్కొక్క కుదురు దుబ్బు కడ్తది. ఇగ మన్ను కనవడది."

కాదు బాపూ, వెంట్రుక వరి కాదు, ఒకటి నాటితే ఒకటే ఉంటుంది అని నేను ఆ క్షణమే చెప్పాల్సింది. చెప్పలేదు. నిజం ఒప్పుకుంటాను, డాక్టరమ్మ మాట కంటే బాపు మాటే నాకు తియ్యగా ఉంది. నేనూ చిన్నప్పటి నుంచి మడిలో దిగినవాణ్ణే. రెండు మూడు పోచలు గుచ్చిన చోట పిడికిట్లో పట్టనంత దుబ్బు కట్టడం నా కళ్లతో చూసినవాణ్ణే. డిగ్రీ చదివాను కానీ, నా నెత్తీ అట్లాగే కమ్ముకుంటుందని లోపల్లోపల నమ్మాను.

నాటడానికి ఒక రోజంతా పట్టింది. మూడో వారానికి నాటినవి రాలడం మొదలైంది. దిండు మీద చూసి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. రాలి మళ్లీ వస్తాయని డాక్టరమ్మ ముందే చెప్పింది కానీ, ఇంట్లో ధైర్యం చెప్పింది మాత్రం బాపే. "నాటేసినంక జర వాడుతది, మళ్ల తిప్పుకుంటది" అన్నాడు. నాలుగో నెలలో నూగు వచ్చింది. ఆయన అన్నట్టే జరిగింది కదా, ఇక ఆగలేదు. కనబడిన ప్రతివాడికీ, "ఏడాదికి జూడుండ్రి, మావోని నెత్తిల దువ్వెన దిగది" అని చెప్పుకున్నాడు.

ఏడాది నిండింది. ముందు వరుస వచ్చింది. దువ్వితే నడినెత్తి కప్పుకుంటుంది. ట్యూబ్‌లైట్ కింద నిలబడితే చర్మం కనిపిస్తుంది. దుబ్బు కట్టలేదు.

కోపంతో డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఏమీ వాదించలేదు. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టింది. "ఇదే కదండీ చెప్పాను" అంది. ఇంకోసారి చేస్తారా అని అడిగాను. "చేయొచ్చు. కానీ తీసేది మళ్లీ వెనక నుంచే. అక్కడ పల్చబడుతుంది. మీకు ముందు ముందు ఇంకా రాలొచ్చు, అప్పటికి కొంత మిగలాలి. నేనైతే వద్దంటాను."

తిరుగు దారిలో బండి పక్కకు ఆపి, ఆమె నా ఫోన్‌కు పంపిన కొత్త ఫొటో మళ్లీ చూసుకున్నాను. నాకు నచ్చాడు అందులోని మనిషి. నచ్చాడంటే నచ్చాడు, ఎవరికి సంజాయిషీ ఇవ్వాలి? ఇంటికెళ్లి బాపును కూర్చోబెట్టి ఏడాది కింద చెప్పాల్సిందీ, డాక్టరమ్మ ఇవాళ అన్నదీ అంతా చెప్పాను.

"మరి నేను ఊర్లె ఏం జెప్పాలె?" అన్నాడు చివరికి.

నా నెత్తి నాకు సరిపోయింది కానీ, ఆయన మాట పోయింది.

వారం తిరక్కముందే మేనమామ కొడుకు పెళ్లి, ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఫంక్షన్ హాల్లో. బయలుదేరే ముందు బాపు కొత్త రుమాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "తలకు కట్టుకో బిడ్డా. జర నా ఇజ్జత్ గూడ జూడు."

మడత విప్పకుండానే తిరిగి ఇచ్చేశాను. "కట్టుకోను బాపు. ఏడాది సంది ఎదురుజూసింది మళ్ల కప్పెట్టుకోనీకి కాదు."

ఆయన ఆ రుమాలు తన జేబులో పెట్టుకుని ముందు నడిచాడు.

హాల్లో లైట్లు చెప్పనక్కర్లేదు, సూది పడితే దొరుకుతుంది. భోజనాల బంతిలో బాపు నాకు ఎదురుగా కూర్చున్నాడు. మా పక్క పొలం పెద్దాయన, నేను కాకా అని పిలిచే మనిషి, చేయి కడుక్కోవడానికి పోతూ నా వెనక ఆగాడు. ఆగి, అడగకుండానే నా జుట్టులో వేళ్లు పెట్టి పాయ తీసి చూశాడు.

"ఏందిరా, మీ బాపు దువ్వెన దిగదన్నడు? గిట్లనే ఉన్నదేంది? దుబ్బు కట్టలే?"

బంతిలో నవ్వులు లేచాయి. బాపు విస్తరిలోంచి తల ఎత్తలేదు.

"కట్టది కాకా" అన్నాను, చివరి కుర్చీ దాకా వినబడేట్టు. "ఎన్ని నాటిండ్రో గన్నే ఉంటయి. డాక్టరమ్మ నాకు మొదలే చెప్పింది. బాపుకు చెప్పనిది నేను. ఆయన అబద్ధమాడలే, తప్పు నాది. ఇగ నా నెత్తి అంటవా, నాకు మంచిగనే ఉన్నది."

కాక నన్నూ వదల్లేదు, నా జుట్టునూ వదల్లేదు. "అయితే ఇంకోపారి నాటు ఏపియ్యరాదు? ఎనక మస్తున్నయి గద."

నేను నోరు తెరిచేలోపే బాపు తల ఎత్తాడు.

"ఏడికెళ్లి తీస్తరు? ఎనకకెళ్లే గద! గక్కడ తీస్తే గక్కడ బోడైతది. కొత్తయి పుట్టయి. గంత తెల్వదా నీకు?" గొంతు హాలంతా మోగింది. "ముందుగాల నా కొడుకు నెత్తి మీదికెళ్లి చెయ్యి తియ్యి."