విని పంపించే ఉద్యోగం

మా చిన్నమ్మ పోయింది. పొద్దున కాఫీ తాగి మంచం మీద వాలింది, మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. మేము చుట్టాలకు ఫోన్లు చేసేలోపే, ఆమె ఒకప్పుడు పనిచేసిన మిల్లు వాళ్లు ఫొటోతో సందేశం పంపించారు: ‘ఎప్పుడూ నవ్వుతూ, అందరి కష్టం ఓర్పుగా విన్న అమ్మ’ అని. ఆ నవ్వు గురించే నేను నాలుగు మాటలు చెప్పాలి.

తమిళనాడు రాజపాళయంలో ఒక నూలు మిల్లులో చిన్నమ్మ వెల్ఫేర్ ఆఫీసరు. పల్లెల నుంచి వచ్చి మిల్లు హాస్టల్లో ఉండే ఆడపిల్లల కష్టసుఖాలు కనుక్కోవడం ఆమె పని. సూపర్‌వైజరు తిట్టాడని, దూది ధూళికి దగ్గు తగ్గడం లేదని, ఊళ్లో తిరునాళ్లకు లీవు ఇవ్వలేదని వాళ్లు వచ్చేవారు. ఆమె కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, తల నిమిరి వినేది. మొదట్లో విన్నదంతా మేనేజరు దగ్గరికి మోసుకుపోయేది. ఆయన మర్యాదగా కుర్చీ చూపించి, మీరు చెబితే పిల్లలు వింటారు మేడం, మీరే సర్దిచెప్పండి అనేవాడట. దగ్గు తగ్గలేదు, సూపర్‌వైజరు మారలేదు. పిల్లలు మాత్రం ఏడ్చి, కళ్లు తుడుచుకుని మళ్లీ మిషన్ దగ్గరికి పోయేవారు.

“విని పంపించేదానికే నన్ను పెట్టుకున్నారు,” అన్నది ఒకసారి. “నేను వినకుంటే ఆ పిల్లలు ఎప్పుడో గేటు ముందర కూర్చోని ఉందురు.”

ఇంటికి వచ్చాక ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. టీవీ పెట్టి, శబ్దం పూర్తిగా తగ్గించి చూసేది. పెళ్లిళ్లకు పోతే వంటల వైపు, గరిటెల మోత మధ్య కూర్చునేది. అక్కడ ఎవరూ పక్కన చేరి మనసు విప్పరు. చుట్టాలు ఆమెకు పొగరన్నారు. నేను టీచరుగా చేరిన రోజు దండం పెడితే, “మంచిది అని పేరు తెచ్చుకోవద్దు. ఆ పేరు వచ్చినాక నీకేమైంది అని ఎవరూ అడగరు” అన్నది. ఆ మాట పట్టుకునే మా స్కూల్లో కొన్నిసార్లు నా వల్ల కాదని చెప్పగలిగాను. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

అసలు సంగతి మేడ మీద బట్టలు ఆరేస్తూ చెప్పింది. చోళపురం పిల్ల ఒకతె తల్లి పోయిందని వచ్చింది. కర్మ అయ్యేవరకు లీవు అడిగితే, దహనం కాగానే తిరిగి రమ్మన్నారు.

“ఆ పిల్ల నా చెయ్యి పట్టుకోని ఏడ్చింది. నేను ఇంట్లో కరేపాకు ఉందా లేదా అని ఆలోచించినాను. నోరు దాని పాటికి అది ఓదార్చింది. ఆ పిల్ల నాకు దండం పెట్టి పోయింది. లోపల ఏమీ కదల్లేదు. నాకు భయమైంది.”

ఆ పిల్ల వచ్చిపోయిన మరునాడు చిన్నమ్మ మేనేజరును గోడౌన్లో ఏదైనా పని ఇమ్మని అడిగింది. మనుషులు లేని చోటు ఏదైనా సరే అన్నది. ఆయన నవ్వి, మీ ఓర్పు ఇంకెవరికి వస్తుంది మేడం అన్నాడు. ఆ ఏడు వార్షికోత్సవంలో షీల్డు ఇచ్చారు. తర్వాత ఒక ఆదివారం, సెలవు పూట, ఆఫీసు వాళ్లందరినీ పిలిపించి మనసును ఉల్లాసంగా ఉంచుకోవడం ఎలాగో ఎవరిచేతో క్లాసు చెప్పించారు. చిన్నమ్మ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చింది. సోమవారం పనికి పోలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పోలేదు.

మానుకున్నాక బాగుపడిందని రాయగలిగితే ఎంత బాగుండేది. కూతురికి బిడ్డ పుట్టినప్పుడు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, సంతోషంగా ఉందా అని అడిగాను. “ఉండాల కదా,” అన్నది. ఆమెలోని మెత్తదనమంతా మిల్లు వాడుకుంది. మాకు మౌనం మిగిల్చింది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

సాగనంపే రోజు మిల్లు వ్యానులో పెద్ద పూలదండ వచ్చింది. దానితోపాటు, చిన్నమ్మ చేసిన ఉద్యోగంలో ఇప్పుడు ఉన్న అమ్మాయి వచ్చింది. దండ వేసి నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. చిన్నమ్మను తాను ఎన్నడూ చూడలేదట.

“ఆ మేడం మాదిరి ఉండు, ఆ మేడం మాదిరి ఉండు అని దినమూ నాకు చెప్తారక్కా,” అన్నది మెల్లగా.

నేను నీళ్లు తెచ్చేలోగా కునుకు పట్టి ఆ అమ్మాయి తల ఒక పక్కకు వాలిపోయింది. చిన్నమ్మను ఎత్తారు. మేళం మొదలైంది, అందరూ లేచారు, వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. షామియానా కింద ఖాళీ కుర్చీల మధ్య ఆ అమ్మాయి, నోరు కొంచెం తెరుచుకుని, నిద్రపోతూనే ఉంది.