వ్యాను పద్దు

ఆరోగ్య సంక్షేమ శాఖ బడ్జెట్ సెక్షన్లో ఆయన్ని అందరూ కామాగారు అంటారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అంకెల మధ్య ఒక్క కామా కూడా తప్పు చోట పెట్టలేదని ఆ పేరు. వెటకారంగా మొదలైనదే గాని, పై అధికారులు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాక ఆయన దాన్ని బిరుదులాగే స్వీకరించాడు. మనిషి పీలగా ఉంటాడు. చొక్కా పై బొత్తం దాకా పెట్టుకుంటాడు. ఎవరైనా ఫైలు మీద టీ గ్లాసు పెడితే తన ఒంటి మీద పెట్టినట్టు ఉలిక్కిపడతాడు. లంచం తెలియదు, అబద్ధం తెలియదు. ఈ రెండోది తెలియకపోవడమే కొంప ముంచింది.

కామాగారికి ఒక అక్క ఉంది. తల్లి పోయేనాటికి ఆయనకి ఏడేళ్ళు, అక్కకి పదహారు. అప్పట్నుంచి ఆయనకి అన్నం పెట్టిందీ, వీపు విమానం మోత మోగించి చదివించిందీ ఆవిడే. నగరానికి రెండు గంటల దూరంలో, రాళ్ళ క్వారీ పక్కన వెలిసిన కాలనీలో ఒక్కతే ఉంటుంది. మొగుడు ఆ క్వారీ దుమ్ము పీల్చి పీల్చే పోయాడు. మూడేళ్ళ కిందట ఆవిడ కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి రెండుసార్లు పెద్దాసుపత్రికి వచ్చి, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుని రక్తం శుద్ధి చేయించుకోవాలి. రెండు మూడు వారాలు మానేస్తే ఒంటికి నీరు పట్టి ఊపిరి అందదు. వైద్యం ఉచితమే. ఆ ఉచితం దాకా చేరడమే బ్రహ్మప్రళయం. బస్సు కాలనీకి మూడు మైళ్ళ అవతలే ఆగిపోతుంది, మిషను మీంచి లేచిన మనిషి మూడడుగులు వేయలేదు. అందుకని ప్రభుత్వం ఒక వ్యాను వేసింది. ఆ చుట్టుపక్కల ఉన్న పదకొండు మందిని అది ఎక్కించుకుని వెళ్ళి, దింపి వచ్చేది.

ఆ వ్యానుకి బడ్జెట్ పుస్తకంలో ఒక పద్దు ఉంది. దాన్ని ఏటా రాసేది కామాగారే. అక్క ఎక్కే బండి కదా అని ఒక్క లీటరు డీజిలు ఎక్కువ రాసిన పాపాన పోలేదు. అది తన నిజాయితీ అనుకున్నాడు.

కిందటేడు వ్యాను ఇంజను పోయింది. బాగుచేయించడానికి ఒక శాఖ అనుమతివ్వాలి, సామాను ఇంకో శాఖ కొనాలి. వాళ్ళూ వీళ్ళూ ఉత్తరాలు రాసుకుంటూ ఉంటే బండి నాలుగు నెలలు షెడ్డులో పడుకుంది. ఆ నాలుగు నెలలూ కామాగారు అక్కని తన ఇంటికి తెచ్చుకున్నాడు. రెండు గదుల ఇల్లు. అయినా భార్య మొహం చిట్లించలేదు. వదినకి ఉప్పు లేకుండా వేరే వండింది, గ్లాసుతో కొలిచి నీళ్ళిచ్చింది. మిగతా పదిమందికి నగరంలో తమ్ముళ్ళు లేరు. వాళ్ళలో ముగ్గురు పోయారు. మిగతా ఏడుగురూ ఉన్నదమ్ముకుని ఆటోలు కట్టించుకుని ప్రాణాలు నిలుపుకున్నారు.

బండి మళ్ళీ తిరగడం మొదలైన కొద్దిరోజులకే ఆర్థికశాఖ నుంచి కాగితం వచ్చింది. ఆ ఏడు ఖర్చు కాకుండా మిగిలిన సొమ్ము చూపించి వెనక్కి అప్పగించమని. ఆ కాగితానికి ఎలా జవాబు రాయాలో ప్రతి గుమాస్తాకీ తెలుసు. కుర్చీలో, కర్టెన్లో ఏవో కొనేసి, ఏమీ మిగల్లేదని రాసేస్తారు. పక్క సీటు పెద్దాయన ఊరుకోలేక చెప్పాడు కూడా.

"కామాగారూ, నా మాట వినండి. నాలుగు టైర్లు, ఒక బ్యాటరీ కొనిపించి పారేయండి. మిగిలిందని రాశారో, అక్కర్లేదని చదువుకుంటారు వాళ్ళు."

"టైర్లు బాగానే ఉన్నాయి కదండీ."

"టైర్లు బాగానే ఉంటాయి. మీరే బాగుపడరు."

కామాగారు నవ్వేసి, నాలుగు నెలల డీజిలూ, డ్రైవరు జీతమూ అణా పైసలతో సహా లెక్క కట్టి, మిగులు అని రాసి సంతకం పెట్టాడు. ప్రజల సొమ్ము ప్రజలకి అప్పగించానని ఇంటికెళ్ళి భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అంత మంచివాణ్ణి తిట్టడానికి మాత్రం నోరు రాదు.

ఆ తర్వాత కొత్త సంవత్సరం బడ్జెట్ మీద చర్చ వచ్చింది. ఆదాయం పడిపోయింది, ప్రతి శాఖా పదింట రెండు వంతులు కోయాల్సిందే అన్నారు. జబ్బుపడ్డవాళ్ళూ, ముసలివాళ్ళూ, తల్లీపిల్లలూ అందరికీ కలిపి దక్కింది నలభై నిమిషాలు. పొడుగాటి బల్లకి అటు ఆర్థికశాఖ అధికారి, ఇటు కామాగారి డైరెక్టరమ్మ. ఆవిడ వెనక కుర్చీలో ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కామాగారు.

అధికారి వేలు వ్యాను పద్దు దగ్గర ఆగింది. "ఇది నాలుగు నెలలు తిరగలేదు కదా. ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

డైరెక్టరమ్మ వెనక్కి తిరిగింది. కామాగారు ఫైలంతా తిరగేశాడు. ఒక్క ఫిర్యాదూ లేదు.

"ఫిర్యాదులేం లేవు సార్. ముగ్గురు చనిపోయారు సార్."

"అయ్యో," అన్నాడు అధికారి. మాటవరసకి కాదు, నిజంగా బాధపడే అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, "అయితే ఇప్పుడు ఎనిమిది మందేనన్నమాట," అని పెన్సిలుతో పదకొండు కొట్టేసి ఎనిమిది వేశాడు. "ఎనిమిది మందికి ఒక బండీ, ఒక డ్రైవరూ అంటే పైవాళ్ళు నన్ను నిలదీస్తారమ్మా. పైగా మిగిలిందని మీరే రాసిచ్చారు."

కామాగారు కుర్చీలో ముందుకి జరిగాడు. ఆ ఎనిమిదిలో మా అక్క ఉంది సార్ అని చెప్పాలి. అది నాలుక చివరిదాకా వచ్చింది. సొంత మనిషి కోసం అడిగినట్టవుతుందని మింగేశాడు. ఇరవై ఆరేళ్ళుగా మింగడం అలవాటైన మనిషి.

"పద్దు మాత్రం తీసేయకండి సార్," అంది డైరెక్టరమ్మ. "ఒకసారి మూస్తే మళ్ళీ తెరిపించడానికి తల ప్రాణం తోకకొస్తుంది."

"సరే, నామమాత్రంగా ఒక వెయ్యి పెట్టండి. పద్దు బతికుంటుంది. ఏడాది మధ్యలో డబ్బొస్తే అప్పుడు చూద్దాం."

వెయ్యి రూపాయల డీజిలుతో ఆ బండి ఒక్కరోజు తిరగడమే కష్టం. డ్రైవరు జీతం మాట దేవుడెరుగు. కామాగారు ఆ వెయ్యిని అందంగా, కామా పెట్టి మరీ రాసుకున్నాడు. తర్వాత అందరూ ఆఫీసు పైకప్పు కారుతున్న విషయంలోకి వెళ్ళారు.

ఆయన ఊరికే కూర్చోలేదు. నోటు మీద నోటు రాశాడు. ఆర్థికశాఖ మెట్లు ఎక్కీ దిగీ చెప్పులు అరగ్గొట్టుకున్నాడు. ప్రతి నోటూ 'చూశాను' అన్న ఒక్క మాటతో తిరిగొచ్చింది. ఇక పదిహేను రోజుల్లో కొత్త ఆర్థిక సంవత్సరం అనగా, అక్కకి చెప్పి ఇంటికి తెచ్చుకుందామని సెలవు పెట్టి కాలనీకి వెళ్ళాడు.

ఆ రోజు వ్యాను వచ్చే రోజు. ఎనిమిది మందీ క్వారీ ఆఫీసు అరుగు మీద కూర్చుని ఉన్నారు. బండి ఆపేస్తారట అని డ్రైవరు ఎక్కడో విని వాళ్ళ చెవిన వేశాడు. తమ్ముణ్ణి చూడగానే అక్క మొహం విప్పారింది.

"వచ్చాడు మా వాడు! ఆ పుస్తకం రాసేది వీడే. అడగండి, అడగండి."

బట్టలు కుట్టే ముసలాయన లేచి నిలబడ్డాడు. కాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. "బాబూ, వచ్చే ఏడు మా వ్యాను ఉంటుందా?"

కామాగారు ఎనిమిది మొహాలూ చూశాడు.

"పద్దులో ఉందండీ," అన్నాడు.

ముసలాయన ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "మా వాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి," అంది అక్క. "చూసుకోండి, నల్లగానే ఉన్నాయి!" అందరూ నవ్వారు. కామాగారు కూడా నవ్వాడు, నవ్వినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

వ్యాను వచ్చేలోపు ఆవిణ్ణి పక్కకి తీసుకెళ్ళాడు. "అక్కా, నువ్వు మా ఇంటికి వచ్చేయకూడదూ?"

"మీ అత్తగారు తుంటి విరిగి ఆ గదిలో మంచమెక్కింది కదరా. నన్నెక్కడ పడుకోబెడతావు, బీరువాలోనా? వ్యాను ఉంది, నాకేం దిగుల్లేదు. మీ ఆవిణ్ణి కాస్త ఊపిరి తీసుకోనీ."

చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఆయన తలూపి ఊరుకున్నాడు.

కొత్త ఆర్థిక సంవత్సరం మొదటిరోజు పొద్దున పదిన్నరకి, సెక్షన్లో అచ్చయి వచ్చిన పుస్తకాలు పంచుతుండగా కామాగారి ఫోను మోగింది.

"తమ్ముడూ, వ్యాను ఇంకా రాలేదురా. డ్రైవరు ఫోనెత్తడం లేదు. దారిలో ఎక్కడైనా ఆగిపోయిందేమో కాస్త కనుక్కో."

ఆయన చేతిలోని పుస్తకం బల్ల మీద పెట్టాడు.

"రాదక్కా."

"ఇవాళ రాదా?"

"ఇక రాదు."

"అదేమిట్రా, పద్దులో ఉందన్నావు?"

"పద్దు ఉంది. డబ్బు లేదు. నేను... నీకు చెబుదామనే వచ్చానక్కా. సాయంత్రం నేనొచ్చి తీసుకెళ్తాను. వంటింట్లో అయినా పడుకోబెడతాను."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన ఎదురుచూశాడు. "మరి వీళ్ళు?" అంది. ఫోను చెవి నుంచి పక్కకి తీసినట్టుంది, గొంతు దూరంగా వినిపించింది.

"వస్తోందట! మా తమ్ముడు కనుక్కున్నాడు. కాస్త ఆలస్యమట, కూర్చోండి."

"నే చెప్పలా, ఆ బాబు చూసుకుంటాడని," అన్నాడు ముసలాయన.

అక్క ఫోను కట్టేయడం మర్చిపోయింది. కామాగారు పుస్తకాల మధ్య నిలబడి వింటూనే ఉన్నాడు. క్వారీ రోడ్డు మీద లారీలు వెళ్తున్నాయి. చప్పుడు వినిపించినప్పుడల్లా ఎవరో ఒకరు "అదిగో" అంటున్నారు. కాదు, అది లారీ అని అక్క చెబుతోంది.