ఖాజా భాయ్, బేస్‌బాల్, హాట్ డాగ్

నిన్న పొద్దున ఖాజా భాయ్ భార్య నూర్ భాభీ ఫోన్ చేసింది. "ఆయన పోయిన్రు భయ్యా" అంది.

నేను "సరే" అన్నాను.

సరే ఏమిటి, నా మొహం!

మా ఖాజా భాయ్ ఇక లేడు.

కరీంనగర్ మనిషి. తొంభైల్లో ఖతార్‌లో, దుఖాన్ అనే ఊళ్లో ఆయిల్ కంపెనీ క్యాంప్‌లో నా పక్క రూమ్. తనది స్టోర్స్‌లో డ్యూటీ, నాది డ్రాయింగ్ ఆఫీసులో.

శుక్రవారం సెలవు. క్యాంప్‌లోని అమెరికా ఇంజనీర్లు పొద్దున్నే ఇసుక గ్రౌండ్‌లో బేస్‌బాల్ ఆడేవారు. చూడటానికి వచ్చినవాళ్లందరికీ హాట్ డాగ్ ఫ్రీ. మేం ఆట కోసమే వెళ్లేవాళ్లమంటే పచ్చి అబద్ధం.

మొదటిసారి వెళ్లగానే చెరొకటి చేతిలో పెట్టారు. మేమిద్దరం క్రికెట్ మనుషులం. ఆడేవాళ్లు ఎండలో ఉండగా మనం తింటే బాగోదు, టీ బ్రేక్‌లో అందరితో కలిసి తిందాం అనుకున్నాం. బుద్ధిగా పట్టుకుని కూర్చున్నాం.

గంట గడిచింది. బన్ను గాలికి ఎండి రస్కులా అయింది.

"ఏంది భాయ్, వీళ్లు టీకి ఆపరా?" అన్నాడు ఖాజా భాయ్.

పక్కనున్న ఫిలిప్పీన్స్ అతన్ని అడిగాను. పడీ పడీ నవ్వాడు. "బ్రేక్ మాఫీ, ఫ్రెండ్! ఈట్, ఈట్!" మాఫీ అంటే అక్కడి అరబ్బీలో 'లేదు' అని.

ఆ తర్వాత ఖాజా భాయ్‌ని ఆపడం ఎవరి తరం? మొదటి బాల్ పడకముందే సగం లాగించేసేవాడు. రూల్స్ ఒక్కటీ తెలియదు. బంతి దూరం పోతే చాలు, లేచి నిలబడి "సిక్సర్!" అని అరిచేవాడు. చివరికి అమెరికా వాళ్లు కూడా సిక్సర్ అనడం మొదలుపెట్టారు.

అక్కడి హాట్ డాగ్‌లో పెట్టేది బీఫ్ సాసేజ్ అని తర్వాత తెలిసింది; నేను బీఫ్ తినను. అది తెలిసి, దోహా వెళ్లినప్పుడల్లా నా కోసం చికెన్ సాసేజ్‌లు తెచ్చేవాడు. వేరే పెనం మీద తనే వేయించేవాడు.

"నీది అలగ్ చేసిన. యల్లా, తిను" అనేవాడు.

పోయిన ఆదివారం హైదరాబాద్‌లో హాస్పిటల్‌కి వెళ్లాను. ఖాజా భాయ్‌కి గొంతు ఆపరేషన్ అయింది. మాట లేదు. తిండి ముక్కులో పైపు నుంచే. నన్ను చూడగానే ఫోన్‌లో టైప్ చేసి చూపించాడు.

"హాట్ డాగ్."

పిచ్చివాడిలా నాలుగు బేకరీలు తిరిగి ఒకటి తెచ్చాను. నర్స్ చూసి, నోట్లో చిన్న ముక్క కూడా పెట్టొద్దంది.

ఖాజా భాయ్‌కి కోపం రాలేదు. మళ్లీ టైప్ చేశాడు.

"నువ్వు తిను. నేను చూస్త."

నా వల్ల కాలేదు. ఆ పైపు చూస్తూ ఎలా మింగను? "డిశ్చార్జ్ అయ్యాక తిందాంలే భాయ్" అని కవర్లో పెట్టేశాను. తను ఆ కవర్ వైపే చూస్తూ పడుకున్నాడు.

డాక్టర్లు చేయలేనిదేదో నన్ను చేయమనలేదు. తినమన్నాడు, అంతే.

అది కూడా చేయలేకపోయాను.

వెళ్లిరా భాయ్. అల్లా నిన్ను ఏ నొప్పీ లేకుండా చూసుకోవాలి.