హెర్మోహెనెస్ మాస్టారి మోకాళ్లు

పెరూ దేశంలోని అరెకీపాలో లా పాఠాలు చెప్పే హెర్మోహెనెస్ మాస్టారు మెట్టన్నది ఎక్కరు. గుమ్మానికి మూడు మెట్లున్నాయని మేనల్లుడి పెళ్లి భోజనం వీధిలో నిలబడి చేసిన ఘనుడు. అడిగితే "మోకాళ్లమ్మా, మోకాళ్లు!" అంటారు.

పై అంతస్తులో ఆయన గదిని పావురాలు ఏలుకుంటున్నాయి. వికలాంగుల తరఫున వాదించడం నేర్చుకునే పిల్లలకి పాఠం చెప్పేది కిందే, క్యాంటీన్ పక్క పెరట్లో. మిరపకాయలు వేగే ఘాటుకి ముక్కులు చీదుకుంటూ చట్టం రాసుకునేవారు.

ప్రిన్సిపాల్ బాల్కనీలోంచి అరిచేవాడు. "జీతం కూడా పైనుంచి విసరమంటారా?"

"విసరండి సార్, చేతులు బాగానే ఉన్నాయి!"

"మోకాళ్లూ కాదు, పాడూ కాదు. ఒట్టి బద్ధకం," అని ఆయన శిష్యురాలు యానిరా గొణుక్కునేది.

ఆ పిల్ల మొదటి కేసు సులేమాది. బస్సు కంపెనీ కిటికీలో కూర్చుని టికెట్లిచ్చేది. ప్రమాదమై చక్రాల కుర్చీలోకి రాగానే యజమాని ఉద్యోగం పీకేశాడు. విచారణ కోర్టు మూడో అంతస్తులో. లిఫ్టు పాడు. పిలిచినప్పుడు పలక్కపోతే కేసు కొట్టేస్తారు.

"కుర్చీతో సహా మోయించేస్తా," అన్నాడు కాపలావాడు.

"నేనేమైనా బీరువానా?" అంది సులేమా.

మాస్టారు కింది మెట్టు మీద చతికిలబడ్డారు. "అబ్బా, నా మోకాళ్లు! జడ్జిగారినే కిందికి రమ్మనండి!"

యానిరాకి ఒళ్లు మండింది. "మీ మోకాళ్ల గొడవేంటి మాస్టారూ? కిందికి రమ్మనడం ఈ అక్క హక్కు!"

మాస్టారి మూలుగు ఠక్కున ఆగింది. అంతలో పైన సులేమా పేరు పిలిచారు. అంతే! రెండేసి మెట్లు దూకుతూ ఆయన పైకి పరుగు. "ఉన్నాం! కింద ఉన్నాం! కొట్టెయ్యకండి!"

కాపలావాడు నోరు తెరిచాడు. యానిరా కూడా.

సులేమా పకపకా నవ్వింది. "మొన్న ఆదివారం మా పేటలో ఫుట్‌బాల్ ఆడాడే ఆయన! మీ దగ్గరికొచ్చే మాలాంటివాళ్లం 'మాకోసం కిందికి రండి' అని ఎవర్నీ బతిమాలకూడదనే ఆ నింద తన మోకాళ్ల మీద వేసుకున్నాడు."

జడ్జిగారు, వెనకే బస్సు కంపెనీ యజమాని దిగొచ్చారు. మాస్టారు మాత్రం రాలేదు. పరుగుకి పిక్కలు పట్టేసి పైనే కూలబడ్డారట. ఇక యానిరా ఒక్కతే. లేచి నిలబడింది. "అయ్యా, తమరు దిగింది దయతో కాదు, ఈవిడ హక్కు కాబట్టి. ముందు అది రాయించండి."

జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని, రాయించారు. మధ్యాహ్నానికి తీర్పూ వచ్చింది: సులేమాని మళ్లీ టికెట్ల కిటికీలో కూర్చోబెట్టాలి.

యానిరా గోడకి ఆనుకుని బరువంతా దిగేలా ఊపిరి వదిలింది.

"మొదట్లో నీ గొంతు వణికిందే పిల్లా," అంది సులేమా.

"వినబడిందా అక్కా?"

"మా యజమాని మొహం చూస్తూ కూర్చున్నా. నీ గొంతు వణికినంతసేపూ నవ్వాడు. ఆ తర్వాత చూడాల్సింది వాడి మొహం!"