కొమురెల్లి నెత్తురు

1968లో యూనివర్సిటీ ల్యాబులో గాజుసామాను కడిగే కొమురెల్లికి పనులు రెండు. ఒకటి జీతానికి, రెండోది ఊరికే. ప్రతి సోమవారం పక్కనున్న మాణికేశ్వర్ నగర్ బస్తీ నుంచి పరగడుపున వచ్చి, చొక్కా చేయి మడిచి, రమాదేవికి నెత్తురిచ్చేవాడు. అనంతపురం నుంచి వచ్చి తార్నాకలో అద్దెకుంటూ పరిశోధన చేస్తున్న ఆమెకు, రోగుల నెత్తురుతో పోల్చడానికి ఒక ఆరోగ్యవంతుడి నెత్తురు కావాలి. "నాకేం రోగమమ్మా, బండ లెక్క ఉన్న" అని ఆయనే ముందుకొచ్చాడు.

అది ఉత్త మాట. దసరా నుంచి మోకాళ్లు ప్రాణం తోడేస్తున్నాయి. ల్యాబుకు మూడంతస్తులు ఎక్కలేడని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భయం. అందుకే భార్య లింగమ్మ కిరాణా కొట్టులో తెచ్చిన ఆస్పిరిన్ గోలీలు పూటకు రెండు మింగి, నవ్వు మొహంతో మెట్లెక్కేవాడు.

నెత్తురును కలియబెట్టి మైక్రోస్కోపు కింద పెడితే, గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తెల్లకణాల చుట్టూ బెల్లానికి చీమలు పట్టినట్టు పట్టాలి. నాలుగు వారాలుగా సరిగ్గా పట్టడం లేదు. చదువుకున్నవాళ్ల అనుమానం ఎప్పుడూ కడిగేవాడి మీదికే పోతుంది.

"గొట్టాల్లో సబ్బు పోలేదన్నా" అంది రమాదేవి. ఆయన ఒక్కోటి మూడుసార్లు కడిగాడు. అయినా అంతే.

"నా ఏడాది కష్టం మట్టిపాలైతాంది. ల్యాబు పెద్దసారుకు చెప్పి వేరే మనిషిని పెట్టించుకుంటా" అందామె చివరికి.

ఇరవై ఏళ్లుగా కడిగిన చేతులు. వాటికి మాట రావడం కొమురెల్లి ఓర్చుకోలేకపోయాడు. జేబులోని గోలీల పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

"గొట్టాలు మంచిగనే ఉన్నయమ్మా. నేనే మంచిగ లేను. మోకాళ్ల నొప్పులకు ఇవి మింగుతున్న."

రమాదేవి పొట్లం చూసింది. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లను గుంపుకట్టనివ్వదని ఈమధ్యే విదేశీ పత్రికలో చదివింది. కోపం ఎటో పోయింది.

"పది దినాలు మాత్రలు మానెయ్యన్నా. మోకాళ్ల సంగతి సారుకు చెప్పనులే."

ఆ పది రోజులూ కొమురెల్లి గోడ పట్టుకుని మెట్టుమెట్టుకూ ఆగుతూ ఎక్కాడు. "నెత్తురు ఆళ్లకు, మూలుగుడు నాకా?" అని లింగమ్మ దులిపేసింది.

పదకొండో రోజు నెత్తురిచ్చాడు. ప్లేట్‌లెట్లు తెల్లకణాలను కమ్ముకున్నాయి. రమాదేవి సంబరంగా ఆయన్ని తన కుర్చీలో కూర్చోబెట్టింది.

"చూడన్నా, నీ నెత్తురే! అంతా ఆ మాత్ర చేసిన పని. నీ తప్పేం లేదు."

ఒక కన్ను మూసి కొమురెల్లి చాలాసేపు చూశాడు. గుండె తేలికపడింది. లేవబోయాడు, మోకాళ్లు లేవనివ్వలేదు.

"మంచిగున్నదమ్మా" అన్నాడు. "ఇగ గోలీ ఏసుకోవచ్చునా?"